చిన్న రైలు: బొమ్మా కాదు, మందూ కాదు

పదవీ విరమణ తరువాత ప్రొద్దు ఎలా పుచ్చాలో తెలియక ఒకే దినపత్రికను రెండుసార్లు చదివే పెద్దలు మన వీధులలో చాలామంది కనిపిస్తారు. వారికి హితవు చెప్పేవారికి కొదవ లేదు. నడవమంటారు, ఉప్పు తగ్గించమంటారు, ధ్యానం చేయమంటారు. అన్నీ మంచి మాటలే. కాని ఎనిమిది గంటల పనిదినం ఒక్కసారిగా ఖాళీ అయినప్పుడు అరగంట నడక ఆ ఖాళీని నింపలేదు. మిగిలిన గంటలలో చేతికీ, కంటికీ, బుద్ధికీ కలిపి పని కల్పించే వ్యాపకం ఒకటి ఉండాలి. అటువంటి వ్యాపకాలలో ఒకదాని గురించి ఈ వ్యాసంలో ముచ్చటిస్తాను. అది చిన్న కొలతలో రైలు పెట్టెలు, వ్యాగన్లు, ఇంజన్లు తయారుచేయడం. అవి తిరగడానికి పట్టాలు, స్టేషన్లు, వంతెనలు, ఊళ్ళు ఒక బల్లపై కూర్చడం.

ఈ వ్యాపకం పట్ల రెండు అభిప్రాయాలు వినిపిస్తుంటాయి. ఇంటివారు "ఈ వయసులో బొమ్మలాట ఏమిటి?" అంటారు. మరికొందరు ఇటువంటి వ్యాపకాలు మతిమరుపును రానివ్వవని ప్రచారం చేస్తారు. రెండూ సరికావని నా అభిప్రాయం. ఇది ఆట కాదు, ఔషధమూ కాదు. ఇది పని. పనికి ఇవ్వవలసిన గౌరవం దీనికి ఇవ్వాలి. పనిముట్లు, రసాయనాలు ఉన్న ఏ పనిలోనైనా పాటించే జాగ్రత్తలు ఇందులోనూ పాటించాలి.

ఈ పనిలో ఏముంది?

చిన్న రైళ్ళు మొదట పిల్లల ఆటవస్తువులే. జర్మనీలోని మార్క్‌లిన్ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో, పట్టాలను క్రమంగా పెంచుకొనే వీలున్న కీ రైళ్ళను ప్రవేశపెట్టింది. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తన రైళ్ళను తెచ్చాడు. పెద్దవారు వీటిపై ఆసక్తి పెంచుకొన్న తరువాత నిజమైన రైలుకు ఎంత దగ్గరగా ఉన్నదన్నది ముఖ్యమైనది. ఒకరి పెట్టె మరొకరి పట్టాపై నడవాలంటే కొలతలు ఒకటిగా ఉండాలి కదా! అందుకే అమెరికాలో 1935లో జాతీయ నమూనా రైళ్ళ సంఘం ఏర్పడి ప్రమాణాలను నిర్ణయించింది. ఎక్కువ వాడుకలో ఉన్న హెచ్‌ఓ కొలతలో వస్తువు అసలులో 87వ వంతు ఉంటుంది. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఎన్ కొలత 160వ వంతు. పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు.

మనకు పరిచయమైన ఉదాహరణ తీసుకొందాం. చెన్నై పెరంబూరులోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో 1955 నుంచి తయారైన పెట్టెలలోనే మన తరం తిరుపతికీ, కాశీకీ, ఉద్యోగాలకూ ప్రయాణించింది. ఆ పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు. హెచ్‌ఓ కొలతలో అది 24.5 సెంటీమీటర్లు అవుతుంది. తలుపు దగ్గర నిలుచున్న మనిషి ఎత్తు రెండు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. పలుచని ప్లాస్టిక్ రేకులో ఒక్కొక్క కిటికీని బ్లేడుతో కోయాలి. రెండో తరగతి కిటికీలకు అడ్డకమ్మీలు అమర్చాలి. తలుపు ప్రక్కన పట్టుకొనే కడ్డీని 0.4 మిల్లీమీటర్ల ఇత్తడి తీగతో వంచి, అంతే సన్నని రంధ్రంలో దూర్చాలి. పెట్టె అడుగున బ్యాటరీ పెట్టెలు, బ్రేకు సిలిండరు, చక్రం తిరిగినప్పుడు బెల్టు సాయంతో కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు ఉంటాయి. ప్లాట్‌ఫారంపై నిలబడి ఎన్నేళ్ళు చూసినా ఇవి మన కంటికి ఆనవు. తయారుచేయడానికి కూర్చున్నప్పుడే చూడడం మొదలవుతుంది.

పెట్టె పూర్తయిన తరువాత దానిని పాతబరచడం మరొక విద్య. నిగనిగలాడే పెట్టె దుకాణం అద్దాల బీరువాలో బాగుంటుంది కాని పట్టాలపై నమ్మేలా ఉండదు. బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి చక్రాల దగ్గర గోధుమరంగులో పేరుకొంటుంది. కప్పు మీద మసి, కిటికీల క్రింద వాన చారికలు, ఎండకు వెలిసిన ఇటుకరంగు ఉంటాయి. వీటిని పలుచని రంగులతో, రంగు పొడులతో అద్దాలి. ఎక్కువైతే చెడుతుంది. ఎక్కడ ఆపాలో తెలియడమే ఇందులో నేర్పు.

భారతీయ రైళ్ళను తయారుచేసేవారికి మరొక చిక్కు ఉంది. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. దానిని 87తో భాగిస్తే 19.3 మిల్లీమీటర్లు రావాలి. బజారులో దొరికేది విదేశీ ప్రమాణాల ప్రకారం చేసిన 16.5 మిల్లీమీటర్ల పట్టా. మన పెట్టెను దానిపై నిలిపితే కాళ్ళు దగ్గరగా పెట్టి నిలుచున్న మనిషిలా కనిపిస్తుంది. ఆ లోపాన్ని ఒప్పుకోవాలా, పట్టాలను స్వయంగా వేసుకోవాలా అన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవలసినదే. ఇలాంటి నిర్ణయాలు ఈ పనిలో అడుగడుగునా ఎదురవుతాయి.

దీనికి విలువ ఎక్కడ?

ఈ పని అబద్ధాన్ని సహించదు. పెట్టె పట్టా తప్పితే ఏదో ఒకచోట లోపం ఉన్నట్లే. చక్రాల మధ్య దూరం తప్పి ఉండవచ్చు, పట్టాల అతుకు ఎగుడుదిగుడుగా ఉండవచ్చు, పెట్టె బరువు చాలకపోవచ్చు. పైన చెప్పిన సంఘం సూచన ప్రకారం 24.5 సెంటీమీటర్ల పెట్టె సుమారు 165 గ్రాములు తూగాలి. ఒకసారికి ఒక అంశాన్నే మార్చి, మళ్ళీ నడిపి చూసి, కారణాన్ని పట్టుకోవాలి. మేము రోగనిర్ణయానికి వాడే పద్ధతి కూడా ఇదే. ఊహ సరియైనదో కాదో వెంటనే తెలిసిపోయే పనులు పదవీ విరమణ తరువాత మనిషికి అరుదుగా దొరుకుతాయి. ఇది వాటిలో ఒకటి.

ఏది వదలాలో కూడా ఈ పని నేర్పుతుంది. రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై 1900లో పూర్తయిన పాత రైలు వంతెనకు 56 ఖానాలు. దానిని హెచ్‌ఓ కొలతలో యథాతథంగా కట్టినా ముప్పై మీటర్లు దాటుతుంది. అంత చోటు ఏ ఇంట్లో ఉంటుంది? కనుక నాలుగు ఖానాలు చూపి మిగిలిన నదిని చూసేవారి మనస్సులో పారనివ్వాలి. ఏ నాలుగు చాలునో తెలియాలంటే ఆ వంతెనను నిజంగా ఎరిగి ఉండాలి.

ఇది తీరిక ఉన్నవారికే సాధ్యమని మీరు అనుకోవచ్చు. గాయకుడు రాడ్ స్టూవర్ట్ అమెరికా నగరం ఒకదానిని హెచ్‌ఓ కొలతలో కట్టడానికి ఇరవై ఏళ్ళకు పైగా వెచ్చించారు. కచేరీలకు ఊళ్ళు తిరిగేటప్పుడు హోటలు గదులలో కూర్చుని భవనాలు తయారుచేసేవారు. ఆ లేఅవుట్‌ను 2019లో ఒక బ్రిటిష్ రైలు నమూనాల పత్రిక ప్రచురించింది. మనకు లేఅవుట్ అంటే ఇళ్ళ స్థలాలు గుర్తుకు వస్తాయి. ఈ వ్యాపకంలో అది పట్టాలు, ఊళ్ళు అమర్చిన బల్ల. జర్మనీలోని హాంబర్గులో కవల సోదరులు ఫ్రెడెరిక్, గెరిట్ బ్రౌన్ 2001లో తెరచిన 'మినియేచర్ వండర్‌లాండ్' నేడు ఆ నగరానికే పేరు తెచ్చిన సందర్శన స్థలం. మన దేశంలో పూణేలోని కొత్రూడ్‌లో జోషీ కుటుంబం నెలకొల్పిన చిన్న రైళ్ళ మ్యూజియం 1998 నుంచి నడుస్తోంది. అటు వెళ్ళినప్పుడు తప్పక చూడండి.

వైద్యునిగా నాకు ఎక్కువ నచ్చిన ఉదాహరణ మరొకటి. గాయకుడు నీల్ యంగ్ కుమారునికి సెరెబ్రల్ పాల్సీ. మెదడుకు కలిగిన లోపం వలన కండరాలు స్వాధీనంలో ఉండని స్థితి అది. చిన్న మీటలను తిప్పలేని ఆ బాలుడు రైళ్ళను తానే నడపగలిగేలా యంగ్ ప్రత్యేకమైన నియంత్రణ పరికరాలపై కృషి చేశారు. ఆ కృషి లయొనెల్ అనే అమెరికన్ కంపెనీ రైళ్ళ దూరనియంత్రణ విధానానికి దారితీసింది. 1995లో ఆ కంపెనీని కొన్న బృందంలో ఆయన ఒకరు. ఆ రైలు పిల్లవాని జబ్బును నయం చేయలేదు. తన ఇష్టంతో ఒక వస్తువును కదిలించగల అధికారాన్ని అతనికి ఇచ్చింది. వ్యాపకం నుంచి ఆశించవలసినది అదే.

మందు ఎందుకు కాదు?

2003లో ప్రసిద్ధ అమెరికన్ వైద్యపత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. న్యూయార్కులో 75 ఏళ్ళు దాటిన 469 మందిని కొన్నేళ్ళు పరిశీలించగా చదవడం, బల్లపై ఆడే ఆటలు, వాద్యం వాయించడం, నృత్యం ఉన్నవారిలో మతిక్షయం తక్కువగా కనిపించింది. "వ్యాపకం మెదడును కాపాడుతుంది" అనే ప్రచారానికి ఇటువంటి అధ్యయనాలే ఆధారం. కాని మతిక్షయం బయటపడడానికి చాలా ఏళ్ళ ముందే మెదడులో మార్పులు మొదలవుతాయి. ఆ మార్పుల వలననే మనిషి తన వ్యాపకాలను వదలుకొని ఉండవచ్చు. అప్పుడు వ్యాపకం లేకపోవడం జబ్బుకు కారణం కాదు, జబ్బుకు తొలి లక్షణం.

2020లో వచ్చిన బ్రిటిష్ అధ్యయనం ఈ సందేహాన్ని బలపరచింది. సగటున 56 ఏళ్ళ వయసున్న ఎనిమిది వేలకు పైగా ప్రభుత్వోద్యోగులను 18 ఏళ్ళ పాటు గమనించారు. మధ్యవయసులో వ్యాపకాలు ఎక్కువగా ఉన్నవారికి మతిక్షయం తక్కువగా వచ్చిందని తేలలేదు. కాని జబ్బు రాబోయేవారిలో వ్యాపకాలు ముందుగానే సన్నగిల్లాయి. కనుక మతిమరుపుకు భయపడి రైలు పెట్టెలు కొనవద్దు. రక్తపుపోటు, మధుమేహం అదుపులో ఉంచుకోవడం, పొగత్రాగకపోవడం, వినికిడి తగ్గితే సాధనం పెట్టుకోవడం మెదడుకు ఇంతకంటే నమ్మదగిన రక్షణలు.

మనస్సు మాటకు వస్తే సాక్ష్యం కొంత మెరుగు. 2023లో 16 దేశాలలో 65 ఏళ్ళు దాటిన 93 వేలకు పైగా వ్యక్తుల వివరాలను పరిశీలించగా, వ్యాపకం ఉన్నవారిలో దిగులు లక్షణాలు తక్కువగా, జీవితంపై తృప్తి ఎక్కువగా కనిపించాయి. ఆ దేశాలలో మన దేశం లేదు. ఇది కూడా పరిశీలనే కనుక వ్యాపకమే కారణమని చెప్పలేము. అయినా నష్టం లేని పనికి ఇంతపాటి ఆధారం చాలు. ఆ నష్టం లేకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది.

బల్ల ముందు బయటపడే జబ్బులు

ఈ పనిలో నాకు కనిపించే మరొక ప్రయోజనం గురించి ఎవరూ అంతగా చెప్పరు. సూక్ష్మమైన పని రోజూ చేసేవారికి తమ శరీరంలోని మార్పులు ఇతరుల కంటే ముందు తెలుస్తాయి.

పట్టాలు సూటిగా ఉన్నాయో లేదో చూడడానికి ఒక కన్ను మూసి పట్టా వెంట చూస్తారు. సూటిగా ఉన్న పట్టా ఒక కంటికి సరిగాను, మరొక కంటికి అల వలెను కనిపిస్తే పట్టాను సరిచేయవద్దు. కంటితెరలో మాక్యులా అనే మధ్యభాగం జబ్బుపడినప్పుడు గీతలు అలా వంకర పోతాయి. ఇందులో ఒక రకానికి కంటిలోనికి ఇచ్చే సూదిమందులు ఉన్నాయి. ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. రెండు కళ్ళూ తెరచి ఉంటే ఈ లోపం నెలల తరబడి తెలియదు. కనుక ఒక్కొక్క కంటితో చూడండి. తేడా ఉంటే ఒకటి రెండు రోజులలోనే కంటి వైద్యుని కలవండి.

నీలిరంగులు మాసినట్లు, తెలుపు పసుపు తిరిగినట్లు కనిపిస్తే శుక్లాలు ముదురుతూ ఉండవచ్చు. పనిదీపం ఎంత పెంచినా చాలడం లేదంటే అదీ ఒక సూచనే.

చేయి వణకడాన్ని వయసుకు ఆపాదించి ఊరుకోకండి. తీగను రంధ్రంలో పెట్టబోయినప్పుడు వణకడం ఒక రకం. ఇది చాలాసార్లు కుటుంబంలో నడిచేది, ప్రాణాపాయం లేనిది. థైరాయిడ్ ఎక్కువైనా, ఉబ్బసానికి వాడే కొన్ని మందుల వలన, కాఫీ మితిమీరినా కూడా రావచ్చు. చేయి ఒడిలో ఊరక ఉన్నప్పుడు వణుకుతూ, పని నెమ్మదిస్తూ, చేతివ్రాత చిన్నదైపోతుంటే అది పార్కిన్సన్ జబ్బు కావచ్చు. వేళ్ళ తిమ్మిరి, చిన్న మరలు జారిపోవడం మధుమేహం వలన గాని, మణికట్టులో నాడి నొక్కుకొనడం వలన గాని కలుగవచ్చు. వీటన్నిటికీ చికిత్సలు ఉన్నాయి.

పాటించవలసిన జాగ్రత్తలు

టంకం వేసేవారు పొగలో సీసం ఉందని భయపడతారు. టంకపు వేడికి సీసం అంతగా ఆవిరి కాదు. ఆ పొగ ఫ్లక్సులో ఉండే రోజిన్ నుంచి వస్తుంది. అది ఉబ్బసాన్ని కలిగించగలదు, ఉన్నదానిని పెంచగలదు. పొగ ముఖానికి రాకుండా కిటికీ వైపు ఫ్యాను పెట్టండి. సీసం చేతుల నుంచి నోటికి చేరుతుంది. పని బల్లపై టీ త్రాగవద్దు. తినేముందు సబ్బుతో చేతులు కడగండి. పెట్టె బరువు పెంచడానికి సీసపు ముక్కలకు బదులు ఇనుప నట్లు వాడండి. సీసం లేని టంకం కూడా దొరుకుతుంది.

సూపర్ గ్లూ నూలుబట్టపై ఒలికితే వేడి పుట్టి చర్మం కాలవచ్చు. పంచె కట్టుకొని ఒడిలో పెట్టి అతికించే అలవాటు మానుకోండి. వేళ్ళు అతుక్కుంటే గోరువెచ్చని సబ్బునీటిలో ఉంచి నెమ్మదిగా విడదీయాలి. కనురెప్పలు అతుక్కుంటే బలవంతంగా తెరవక కంటి వైద్యుని దగ్గరకు వెళ్ళాలి.

రంగు చిమ్మేటప్పుడు మామూలు గుడ్డ మాస్కు తుంపరలను కొంత ఆపుతుంది కాని ద్రావకాల ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు గుళికలున్న మాస్కు కావాలి. వీలైనంతవరకు నీటిలో కలిసే రంగులు వాడండి. రెండు భాగాలు కలిపి వాడే పాలీయురిథేన్ రంగులను ఇంట్లో చిమ్మవద్దు. వాటిలోని ఐసోసయనేట్లు తీవ్రమైన ఉబ్బసం కలిగిస్తాయి. కొండలు చేయడానికి థర్మోకోలును వేడి తీగతో కోసేటప్పుడు కూడా కిటికీలు తెరవండి.

మనుమలు వచ్చే ఇంట్లో అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త చిన్న అయస్కాంతాలు, బిళ్ళ బ్యాటరీల విషయంలో తీసుకోవాలి. రెండు బలమైన అయస్కాంతాలను మింగితే అవి ప్రేగుల గోడలను నడుమ నొక్కి చిల్లు పొడుస్తాయి. అన్ననాళంలో చిక్కిన బిళ్ళ బ్యాటరీ రెండు గంటలలోనే తీవ్రమైన గాయం చేయగలదు. మింగారని అనుమానం కలిగితే చాలు, వాంతి చేయించక వెంటనే ఎక్స్‌రే సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. వీటిని తాళం వేసే డబ్బాలో ఉంచండి. పేస్‌మేకర్ ఉన్న పెద్దలు అయస్కాంతాలను చొక్కా జేబులో పెట్టుకోకూడదు.

మధుమేహం ఉన్నవారికి కాలిన సంగతి, తెగిన సంగతి వెంటనే తెలియకపోవచ్చు. రోజూ పని ముగిశాక వేళ్ళు చూసుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు బ్లేడును తమ వైపు లాగి కోయరాదు. అందరూ నలభై నిమిషాలకొకసారి లేచి నడవాలి. బల్ల క్రింద దూరి మధ్యలోకి వెళ్ళే ఏర్పాటు యాభై ఏళ్ళవారికి సరదా, డెబ్బై ఏళ్ళవారికి తలకు దెబ్బ. గోడ వారగా, రొమ్ము ఎత్తులో బల్ల కట్టుకుంటే నిలుచునే పని చేసుకోవచ్చు.

గదిలోని కరెంటు అంతటికీ ఒకే స్విచ్చి పెట్టి, బయటకు వచ్చేటప్పుడు ఆపండి. కాలిఫోర్నియాలో జాన్ ఆలెన్ కట్టిన 'గోరీ అండ్ డఫెటిడ్' లేఅవుట్ ఈ వ్యాపకంలో ఉన్నవారందరికీ ఆదర్శం. 1973 జనవరిలో ఆయన గుండెపోటుతో మరణించారు. కొన్ని రోజులకే ఆ ఇంట్లో నిప్పు అంటుకొని ఆ లేఅవుట్ నాశనమైనది. ఆ పనికి ఆయన వెచ్చించినవి దాదాపు రెండు దశాబ్దాలు.

ఇంటివారికి ఒక మాట

విదేశీ ఇంజన్ల ధర వేలల్లో ఉంటుంది. ఆ ఖర్చుపై ఇంట్లో అభ్యంతరం వస్తే అది న్యాయమే. మొదటి పెట్టెను అట్టతో చేయవచ్చు. ఉప్పుకాగితం, పట్టకారు, ఇనుప స్కేలు, బ్లేడు, భూతద్దం ఉంటే చాలు. అది కుదిరిన తరువాత చక్రాలు కొనవచ్చు, ఆ తరువాత ఇంజను. ఔషధాల ఖర్చు, అత్యవసర నిధి ప్రక్కన పెట్టిన తరువాతే ఈ ఖర్చు.

కాని ఖర్చును ప్రశ్నించడం వేరు, పనిని ఎగతాళి చేయడం వేరు. నలభై ఏళ్ళు ఆఫీసులో ఆయన సంతకానికి విలువ ఉండేది. ఇప్పుడు ఆయన చేసిన కిటికీ కమ్మీకి ఇంట్లో ఎవరూ తల తిప్పి చూడకపోతే ఆ పని ఎంతో కాలం సాగదు. నెలకొకసారి ఆ బల్ల దగ్గర నిలబడి "ఇదేమిటి, ఇలా ఎందుకు చేశారు?" అని అడగండి. ఏళ్ళ తరబడి చేస్తున్న మనిషి ఒక్కసారిగా మానివేస్తే మాత్రం పీడ వదిలిందనుకోవద్దు. చూపు తగ్గిందా, చేయి మాట వినడం లేదా, దిగులు పట్టిందా, మరపు మొదలైందా అని విచారించి వైద్యునికి చూపించండి.

మీలో ఎవరైనా ఈ పని మొదలుపెట్టదలిస్తే ముందు మీ ఊరి స్టేషనుకు వెళ్ళి ఒక పెట్టెను పదిహేను నిమిషాలు శ్రద్ధగా చూడండి. ఇంటికి వచ్చి దాని బొమ్మ గీయండి. ఎన్ని వివరాలు గుర్తు రాలేదో లెక్క వేసుకోండి. మరునాడు ఆ వివరాల కోసం మళ్ళీ వెళ్ళాలనిపిస్తే ఈ వ్యాపకం మీకు సరిపడినట్లే. రాను పోను నడిచే వెళ్ళండి. వైద్యుడు చెప్పిన అరగంట నడక కూడా అందులోనే తీరుతుంది.